సూదక్క ఉరుకుతున్నది

పెద్దవంగర రోడ్డు మీద పరుగు మొదలుపెట్టిన తొలి వారంలోనే నలుగురు బండ్లు ఆపి నన్ను ఎక్కించుకుంటామన్నారు. వాళ్లలో ఒకాయన నోట్లోంచి వేపపుల్ల తీసి, "బస్సు పోయిందా మేడం? ఎక్కుర్రి, కొడకండ్లల అందుకుందాం" అన్నాడు. బస్సు పోలేదనీ, ఊరికే పరుగెత్తుతున్నాననీ చెప్పాను.

"ఊరికెనే ఎవలన్న ఉరుకుతరా?" అని ఆయన నా వెనుక రోడ్డును రెండుసార్లు చూశాడు, కుక్క గానీ తరుముతోందేమోనని. కుక్క లేదు. అయినా నమ్మకం కుదరక, నన్ను ఒంటరిగా వదల్లేక, అర కిలోమీటరు దాకా నా పక్కనే బండిని నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాడు. నాకంటే ఆ బండికే ఆయాసం ఎక్కువ వచ్చింది.

ఆయన తప్పేం లేదు. పొద్దున్నే పోలీసు ఉద్యోగానికి తయారయ్యే పిల్లలు పరుగెత్తితే మా వైపు ఎవరూ తల తిప్పరు. నలభై ఏడేళ్ల ఆడమనిషి, అందులోనూ ఊరూరా తిరిగి టీకాలు వేసే నర్సు పరుగెత్తిందంటే మాత్రం ఎక్కడో ఏదో అయి ఉండాలి. నేను నడిచి వస్తేనే పిల్లలు గడ్డివాము వెనుక దాక్కుంటారు. ఇక పరుగెత్తుతూ వస్తే దాక్కోవడానికి చోటు వెతుక్కునేది తల్లులే.

రన్నర్సులోనే నర్సు ఉంది కదా అని మా పరుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకసారి నేనే జోకు వేసి నేనే నవ్వుకున్నాను. టైలర్ భాయ్ ఒక్కడు బొటనవేలు పెట్టాడు. ఆయన చావు కబురుకు కూడా బొటనవేలే పెడతాడు.

ఫుల్ మారథాన్ నీకెందుకు అని అడిగినవాళ్లకు నా దగ్గర సరైన జవాబు ఎప్పుడూ లేదు. చెప్పగలిగిందల్లా ఇంతే. ఇరవై రెండేళ్లుగా నా చేతుల్లో అంతా అరే. సిరంజిలో మందు అర మిల్లీలీటరు. దొరికే సెలవు అర పూట. తినే అన్నం అరకొర, పోయే నిద్ర అర. నేను చెప్పే మాట వినేవాళ్లు వింటున్నది కూడా అర చెవితోనే. ఒక్క పని, ఒకే ఒక్క పని, నిండుగా నలభై రెండు కిలోమీటర్లూ చేయాలనిపించింది. పోయినేడు పేరు రాయించుకున్నాను. సరిగ్గా ఆ వారమే ఏదో కార్యక్రమం వచ్చిపడి సెలవులన్నీ రద్దయ్యాయి. ఈసారి సెలవు కాగితం చేతికి వచ్చింది. వచ్చే ఏడు బదిలీలు. ఏ అడవి అంచున పడేస్తారో, అక్కడ పరుగుకు రోడ్డు ఉంటుందో వాగు ఉంటుందో తెలియదు. మోకాళ్లు కూడా ఏటేటా చిన్నవి కావు కదా. కాబట్టి ఫుల్ అంటే ఈ చలికాలమే, లేకపోతే లేదు.

మా ఆయన బస్సు డ్రైవరు. మా ఇంట్లో రోజూ కిలోమీటర్ల గురించి మాట్లాడుకునేది ఇద్దరం. "నేను దినాం మూడు వందల కిలోమీటర్లు పోత. కూసోనే పోత" అంటాడు. హాఫ్ మారథాన్, ఫుల్ మారథాన్ అని మొదటిసారి చెప్పినప్పుడు మాత్రం కిందామీదా పడి నవ్వాడు. "మా డ్రైవర్లల గీ మాట అనకే. ఆడోళ్లు హాఫ్ కొట్టి ఫుల్‌కు పోతున్నరంటె నా ఇజ్జతేం గాను?"

అసలు కథ ఆ హాఫ్‌దే. ఫుల్‌కు సరిగ్గా ఐదు వారాల ముందు, భూపాలపల్లిలో. సాధనలో భాగంగా దాన్ని నెమ్మదిగా పరుగెత్తాలి. పోటీగా కాదు. ఆ మాట నాకు చెప్పింది టైలర్ భాయే. మహబూబాబాద్ స్టేషను దగ్గర ఆయన దుకాణం. నాలుగు ఫుల్‌లు పూర్తిచేసిన మనిషి. ఆదివారాలు మేం కలిసి పరుగెత్తుతాం. ఆయన పరుగు కూడా మిషను మీద కుట్టులాగే ఉంటుంది: ఒకే దూరం, ఒకే చప్పుడు.

"అక్కా, ఇది రేసు గాదు. పెండ్లి షేర్వాణీ కుట్టె ముందుగాల కచ్చా కుట్టు ఏస్తం, గట్ల. కచ్చా కుట్టును జోరుగ గుంజితె ఏమైతది?"

"తెగుతది భాయ్."

"హా. జర ఆహిస్తా. మాట్లాడుకుంట ఉరకాలె. మాట ఆగిందంటె స్పీడ్ జాస్తి అయినట్టు."

"నాకు మాట ఆగదు గద భాయ్."

"గదే పరేషాన్. నీకు మాట ఆగది, కాలు ఆగది." తర్వాత టేపు మెడలో వేసుకుంటూ మామూలుగా అడిగాడు. "కాలంటె యాదికొచ్చె. ఎట్లున్నది?"

"మంచిగుంది."

మంచిగా లేదు. కుడికాలికి, మోకాలి కింద ముందువైపు ఎముక మీద, వారం రోజులుగా ఒకచోట సన్నగా గిల్లుతున్నట్టుంది. పొద్దున మంచం దిగుతుంటే గిల్లుతుంది, మెట్లు దిగుతుంటే గిల్లుతుంది, పరుగెత్తుతుంటే మాత్రం రెండో కిలోమీటరుకల్లా మరిచిపోతాను. దాని మీద పట్టీ చుట్టి, ప్యాంటు కిందికి లాగేసి, ఆయనకూ చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు. ఎవరికైనా చెబితే ఆగమంటారు. ఆగడం నాకు రాదు. కుర్చీలో కూర్చున్నా నా పాదం ఊగుతూనే ఉంటుంది. అన్నం తినేటప్పుడు మా ఆయన బల్ల కింద నా పాదం మీద తన పాదం పెట్టి నొక్కుతాడు, బ్రేకు తొక్కినట్టు.

భూపాలపల్లిలో ఆ ఆదివారం మంచు బాగా కురిసింది. బొగ్గు లారీల టైర్లు తొక్కితొక్కి రోడ్డు అంచు నల్లగా ఉంది. కాటారం పోయే రోడ్డు మీద పదిన్నర కిలోమీటర్లు వెళ్లి, అదే దారిన వెనక్కి రావాలి. ఎక్కువమంది కుర్రకారే. భాయ్, నేను చివరి వరసలో నిలబడి, మాట్లాడుకుంటూ మొదలుపెట్టాం. ఒకటిన్నర కిలోమీటరు వరకు ఆయన మనవరాలి ఓణీ ఫంక్షను గురించే మాట్లాడుకున్నాం. అంతా పద్ధతిగా ఉంది.

అప్పుడు ఇరవై ఏళ్ల అమ్మాయి ఒకతి పక్కనుంచి దూసుకుపోతూ, "సూపర్ ఆంటీ!" అంది.

నాకు కోపం వచ్చింది ఆంటీ అన్నందుకు కాదు. ఆ సూపర్ నా చెవికి మా సూపర్‌వైజర్ గొంతులా వినిపించింది. ఇంత వయసొచ్చినా పని చేస్తున్నావే అన్నట్టు. మాట మధ్యలో ఎక్కడ ఆపానో నాకే తెలియదు. ఓణీ రంగు దగ్గర అనుకుంటాను. వెనుక నుంచి "అక్కా, కచ్చా కుట్టు!" అన్న కేక మంచులో పడి తడిసిపోయింది. నాలుగో కిలోమీటరులో ఆ అమ్మాయిని దాటాను. సూపర్ అనలేదు. అనడానికి ఊపిరి లేదు.

ఎనిమిదో కిలోమీటరు దగ్గర రోడ్డు నాకు తెలిసిన రోడ్డయింది. టేకు చెట్లు, పత్తి చేలు, ఎడమవైపు తండా. పదకొండేళ్లు నేను పనిచేసిన చోటు. నాలుగేళ్ల కింద అక్కడినుంచి పెద్దవంగర వైపు బదిలీ అయింది. వాళ్ల ఇంటి భాష నాకు పది మాటలు వచ్చు, అందులో తొమ్మిది నొప్పి గురించే. ఆ పదకొండేళ్లలో ఆ తండాకు నేను పరుగెత్తుకుంటూ వెళ్లింది రెండేసార్లు. ఒకసారి పాము కాటుకు, ఒకసారి రోడ్డు వారగా ఉన్న మొదటి ఇంటి కోడలి తొలి కాన్పుకు. రెండుసార్లూ దవాఖానకు సమయానికి చేర్చగలిగాం. సూదులు వేసే నేను వాళ్లకు సూదక్కను. అప్పటినుంచి అక్కడ ఒక కట్టు పడిపోయింది. సూదక్క నడిస్తే ఎవరి పని వారిది. సూదక్క ఉరికితే ఆటో తీయాలి, మంచం వేయాలి. ఉరుకుతూ చేయి ఊపిందంటే, వెనక రమ్మని.

ఇదంతా నాకు తెలియనిది కాదు. ఆ పొద్దున గుర్తు రాలేదంతే.

ఆ మొదటి ఇంటి ముందు, కోడలికి అత్త అయిన అవ్వ వాకిలి ఊడుస్తోంది. ముందు పోయిన కుర్రకారును పోలీసు పరీక్ష పిల్లలనుకుని వదిలేసినట్టుంది. నన్ను చూసి చీపురు పట్టుకునే రోడ్డు మీదికి వచ్చింది. "సూదక్కా! ఎవలికి?" అని అరిచింది. ఆగితే నా లెక్క పోతుంది. నవ్వి, చేయి ఊపి, వెళ్లిపోయాను.

పదిన్నర దగ్గర మలుపు గుర్తుగా పెట్టిన డ్రమ్ము చుట్టూ తిరిగి వెనక్కి మళ్లాను. వాచీ చూసుకుంటే భాయ్ చెప్పిన దానికంటే కిలోమీటరుకు ఒకటిన్నర నిమిషం ముందున్నాను. ఎదురుగా వస్తున్న భాయ్ నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు, అంతే. గిల్లుడు ఈసారి మరిచిపోలేదు. పన్నెండో కిలోమీటరులో అది గిల్లుడు మాని పొడవడం మొదలుపెట్టింది. ఇంకో తొమ్మిదే కదా అనుకున్నాను. అడుగు కొంచెం పక్కకు వేస్తే తగ్గుతుందేమోనని పక్కకు వేశాను. తగ్గలేదు, పక్కకు పొడిచింది.

పదమూడో కిలోమీటరు దాటగానే రోడ్డు మీద జనం.

తండా సగం బయటికి వచ్చి ఉంది. ఆటో రోడ్డుకు అడ్డంగా, ఇంజను ఆన్‌లో. పక్కన నులకమంచం, దాని మీద ఉతికిన దుప్పటి. ఒకామె చేతిలో పొగలు కక్కుతున్న వేణ్నీళ్ల గిన్నె.  ఎవరికో ఏదో అయింది.

"అక్క అచ్చింది, జరుగుర్రి!"

"ఏమైందవ్వా? ఎవలికి?" అని అరుచుకుంటూ వెళ్లాను.

అవ్వ నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "నన్నడుగుతవేంది? ఉరికింది నువ్వు. చెయ్యూపింది నువ్వు. ఎవలికైందో నువ్వే చెప్పాలె!"

ఆటో లోంచి కోడలు తల బయటికి పెట్టింది. రెండో కాన్పు, ఎనిమిదో నెల అట. ఒళ్లో దవాఖాన కార్డు, సంచి. "నాకేం గాలేదక్కా. నొప్పుల్లెవ్వు, ఏం లెవ్వు. అత్త ఇంటలేదు. తింటుంటె లేపుకచ్చి ఆటోల కూసోవెట్టింది."

"కాకపోతె సూదక్క ఎందుకురుకుతది?" అంది అవ్వ. "ముందుగాల పోయిన పోరగాళ్లల ఎవడన్న పడ్డడేమోనని మంచం గూడ తెప్పిచ్చిన. ఇల్లిల్లు తిరిగి అడిగిన. ఎవలికి ఏం లేదంటరు. నాకు పానం పోయినంత పనయ్యింది."

చెప్పక తప్పలేదు. "ఇది పోటీ అవ్వా. ఇరవై ఒక్క కిలోమీటర్లు ఉరకాలె."

"ఎందుకు?"

"ఊరికెనే."

"గెలిస్తె ఏమిస్తరు?"

"నేను గెలువ. ఉరికినోళ్లందరికి బిళ్ల ఇస్తరు, మెడల ఏసుకునేది."

"ఇన్నొద్దులు మాకు బిళ్లలు మింగిపిచ్చినవు. ఇప్పుడు నీకు బిళ్ల గావాల్నా?"

తండా అంతా నవ్వింది. వేణ్నీళ్లామె నవ్వుకు గిన్నె ఒలికింది. నేను కూడా నవ్వి, వాచీ చూసుకుని, పోతానన్నాను. అవ్వ అడ్డం వచ్చింది. "పానం బాగలేనోళ్లకని మంచం ఏసినంక ఉత్తగ ఎత్తద్దు. కూసో. నీళ్లు తాగి పో."

రెండు నిమిషాలే అనుకుని కూర్చున్నాను. కుడికాలు వంచలేక చాపి పెట్టాను. అవ్వ చూపు ఆ కాలి మీద పడింది.

"గట్లెందుకు పెట్టినవు?"

"ఏం లేదవ్వా. ఉరికి ఉరికి."

గర్భిణుల కాళ్లకు నీరు పట్టిందో లేదో తెలుసుకోవాలంటే, మోకాలి కింద ముందెముక మీద బొటనవేలితో నొక్కి ఐదు లెక్కపెట్టాలి. వేలు తీశాక గుంట మిగిలితే నీరున్నట్టు. ఇది ఆ తండాలో అత్తలందరికీ ఇంటింటికీ తిరిగి నేర్పింది నేనే. అవ్వ నా ముందు గొంతుక్కూర్చుని, ప్యాంటు పైకి తోసి, పట్టీని చూసి దాన్ని కిందికి జరిపి, నేను నేర్పినట్టే బొటనవేలు పెట్టి నొక్కింది. ఒకటి అంది. రెండు అనేలోపు నేను మంచం మీద లేను.

"గుంట వడలె," అంది అవ్వ తాపీగా. "గని నువ్వే లేచినవు. ఎన్నొద్దుల సంది?"

"పది."

"పది దినాలు దాస్తివా? నా కోడలు మొదటి కాన్పుల ఒక్క దినం నొప్పి దాస్తె, దాన్ని ఇడిసివెట్టి నన్ను తిట్టినవు. యాదున్నదా? ఇప్పుడు నేనెవల్ని తిట్టాలె?"

ఆటోలోంచి కోడలు కిసుక్కున నవ్వింది. నేను జవాబు కోసం రోడ్డు వైపు చూశాను. అక్కడినుంచి సూపర్ అమ్మాయి వచ్చింది, చేయి ఊపింది, పోయింది. వాళ్లూ వీళ్లూ దాటిపోతుంటే నా ఎడమకాలు నేల మీద తాళం వేస్తూనే ఉంది. చివరికి భాయ్ వచ్చాడు. మంచం, దుప్పటి, వేణ్నీళ్లు, నా కాలు వరసగా చూశాడు.

"తెగిందా?"

"తెగలె భాయ్. తెగేటట్టున్నది."

ఆయన నిలబడిన చోటే అడుగులు వేస్తూ మాట్లాడాడు. "ఇంకో ఎనిమిది ఉన్నయి. గియ్యి ఉరికితె నీకు హాఫ్ దొరుకుతది, ఫుల్ పోతది. ఆగితె హాఫ్ పోతది, ఫుల్ సంగతి దేవునికెరుక. నీ మర్జీ అక్కా." కుట్టు మళ్లీ మొదలైనట్టు అదే చప్పుడుతో వెళ్లిపోయాడు.

నేను లేచి పది అడుగులు వేశాను. ఆ పది అడుగుల్లో నాకు నేను చెప్పుకున్న అబద్ధాలు పదికి తక్కువ ఉండవు. నడుస్తూ పూర్తిచేద్దాం, ఐస్ పెడితే తగ్గుతుంది, డాక్టర్లు ఎప్పుడూ ఎక్కువే చెబుతారు. ఇవన్నీ ఇరవై రెండేళ్లుగా జనం నాకు చెబుతున్నవే. పదకొండో అడుగుకు కాలు నేల మీద ఆనలేదు. వెనక్కి తిరిగితే తండా మొత్తం నన్నే చూస్తోంది. ఆటో ఇంకా ఆన్‌లోనే ఉంది. డ్రైవరు అన్నాడు, "అక్కా, స్టార్ట్ చేసిన ఆటోల ఎవలన్న ఎక్కాలె గద."

కోడలు పక్కకు జరిగింది. "రా అక్కా. ఎట్లాగూ ఎక్కిన, నేను గూడ బీపీ సూపిచ్చుకత్త."

ఆ ఎనిమిది కిలోమీటర్లూ నా జీవితంలో అన్నింటికంటే పొడవైనవి, అదీ కూర్చుని. దాటినవాళ్లనందరినీ మళ్లీ దాటాను. భాయ్ చూసి బొటనవేలు పెట్టాడు. సూపర్ అమ్మాయి పక్కగా ఆటో వెళ్తున్నప్పుడు నేను కోడలి కార్డు తెరిచి చాలా శ్రద్ధగా చదివాను. ముగింపు గీత దగ్గర ఒకతను పరుగున వచ్చి నా మెడలో బిళ్ల వేయబోయాడు. "పదమూడే ఉరికిన" అన్నాను. "పర్వాలేదు మేడం, మస్తున్నయి" అన్నాడు. వద్దన్నాను. అరటిపండ్లు మాత్రం రెండు తీసుకున్నాను, కోడలికొకటి, నాకొకటి.

దవాఖానలో కోడలి బీపీ బాగుంది. నా ఎముక వాచింది, పగలలేదు. డాక్టరమ్మ సూటిగా చెప్పింది. రెండు వారాలు ఒక్క అడుగు కూడా పరుగెత్తకపోతే ఫుల్ గురించి ఆలోచించవచ్చు. పరుగెత్తితే ఆలోచించే పని కూడా ఉండదు.

ఇంటికి వచ్చి చెబితే మా ఆయన వేళ్ల మీద లెక్కేశాడు. "పదమూడుకే దిగినవా? హాఫ్ గూడ గాలె. క్వార్టర్ కంటె జర ఎక్కువ." తర్వాత పట్టీ విప్పి చూశాడు. మళ్లీ తనే చుట్టాడు, నేను చుట్టినదానికంటే నెమ్మదిగా. 

ఆ పద్నాలుగు రోజులు నేను ఎలా ఉన్నానో ఇంట్లోవాళ్లను అడగాలి. ఇస్త్రీ చేసిన బట్టలే మళ్లీ ఇస్త్రీ చేశాను. గంటగంటకూ "ఇక లేవండి" అని మోగే వాచీని బియ్యం డబ్బాలో పెట్టాను. అది బియ్యంలోంచి కూడా లేవమంది. డ్యూటీలో మెట్లు ఒక్కొక్కటే దిగుతుంటే పిల్లలు దాక్కోకుండా నిలబడి చూశారు, ఈ సూదక్కకు ఏమైందోనని. తొమ్మిదో రోజు పొద్దున బూట్లు వేసుకుని, లేసులు కట్టుకుని, వాకిట్లో కూర్చుని, మళ్లీ విప్పేశాను. మా ఆయన చూశాడు. చాయ్ తెచ్చి పక్కన పెట్టి, నా పాదం మీద పాదం పెట్టి కూర్చున్నాడు.

పదిహేనో రోజు తెల్లవారగానే పెద్దవంగర రోడ్డు మీదికి వెళ్లాను. మూడు కిలోమీటర్లు, భాయ్ చెప్పిన వేగంలో. ఆ వేగం ఎంత తక్కువంటే, నా నీడ కూడా విసుక్కుంది. వేపపుల్ల ఆయన ఎదురొచ్చాడు. నన్ను చూశాడు. బండి ఆపలేదు, నా వెనుక ఏముందో చూడలేదు, పుల్ల కూడా తీయలేదు. పత్తి చేలోకి దిగుతున్న ఆడవాళ్లు ఒకసారి తలెత్తి, మళ్లీ తమ మాటల్లో పడ్డారు. ఎవరికీ ఏమీ కాలేదు. మొదట కొంచెం రోషం వచ్చింది. ఆ తర్వాత అర్థమైంది, నేను పరుగెత్తాల్సిన వేగం ఇదేనని. చూసినవాళ్లకు కంగారు పుట్టకూడదు.

ఫుల్‌కు ఇంకా ఇరవై రోజులు. ఎముక అప్పుడప్పుడు గిల్లుతుంది, ఇప్పుడు గిల్లితే అదే రోజు ఇంట్లో చెబుతున్నాను. నలభై రెండూ అవుతాయా, అందులో సగం అవుతాయా, తెలియదు. తెలియకపోవడంతో కాళ్లు దురదగా ఉన్నాయి.

మూడో కిలోమీటరు చివర రోడ్డు పక్క ఇంట్లోంచి ఎవరో "ఏం మేడం!" అని పిలిచారు. అలవాటుగా చేయి లేచింది. సగం లేచాక దించేసి, తలూపి, అలాగే నెమ్మదిగా పోయాను.